రుక్కమ్మ రుద్దిన రెండు లైట్లు

మదీనాగూడలో రుక్కమ్మకు ఒక ఇల్లు, ఒక కారు, రెండు మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. ఇల్లూ నొప్పులూ మొజాయిక్ గచ్చు ఇచ్చినవి. కారు మాత్రం తల్లి వైపు నుంచి వచ్చిన అర ఎకరం అమ్మితే వచ్చింది. పొలాలు పోయి ప్లాట్లు అయిపోతున్నాయని పత్రికల్లో కన్నీటి వ్యాసాలు చాలా వస్తున్న రోజులవి. ఆ అర ఎకరంలో రాళ్లు తప్ప ఏదీ మొలవగా రుక్కమ్మ చూడలేదు. కాబట్టి ఏడవలేదు. కారు కాగితాలు తన పేరనే ఉండాలని మాత్రం పట్టుబట్టింది.

పదిహేడేళ్లుగా ఆమె పని గచ్చు పాలిష్. మొజాయిక్ పోశాక పెద్ద మిషను వచ్చి గది మధ్యంతా అరగదీసి పోతుంది. మిషను గుండ్రంగా తిరుగుతుంది, గదికేమో నాలుగు మూలలు. ఆ మూలలూ, గోడ అంచులూ, మెట్లూ మిషనుకు అందవు. అక్కడ రుక్కమ్మ గొంతుక్కూర్చుని, నీళ్లు చల్లి, చేతి రాయితో రుద్దాలి. ముందు ముతక రాయి. తర్వాత దానికంటే నున్ననిది. ఆ తర్వాత ఇంకా నున్ననిది. రాళ్లకు నంబర్లుంటాయి. ప్రతి నంబరూ తన ముందు నంబరు పెట్టిన గీతల్ని చెరిపి, తన గీతలు పెట్టి పోతుంది. చివరి నంబరు గీతలు కంటికి కనబడవు, అంతే. లోకం దాన్ని నునుపు అంటుంది. శ్రమలో దైవాన్ని చూసే పెద్దమనుషులు కొందరున్నారు. రుక్కమ్మకు శ్రమలో కనిపించేది నంబర్లే.

కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో ఆమె చెయ్యి పడని మెట్లు తక్కువ. అయితే ఈ మధ్య కొండాపూర్ వైపు కడుతున్న ఇళ్లలో చాలామంది టైల్స్ అంటున్నారు. పెట్టె విప్పితే మెరుస్తూనే వచ్చే గచ్చుకు రుక్కమ్మతో పనేముంది? అందుకే కారు. ఆమె భర్త యాదయ్య ఇరవై ఏళ్లు లారీ నడిపి, నడుము నొప్పితో మానేసిన మనిషి. కారును ఏదైనా కంపెనీకి పెడితే ఇద్దరికీ ముసలితనం దాకా ఢోకా ఉండదని రుక్కమ్మ లెక్క.

కొన్నది తెల్లటి జపాన్ కారు. సింగపూర్‌లో పదేళ్లు పనిచేసిన ఒకాయన తిరిగొస్తూ వెంట తెచ్చుకుని, రెండేళ్లు వాడి అమ్మేశాడు. ఇంజను బంగారం, సీట్లు మెత్తన, ఏసీ వేస్తే పళ్లు కొట్టుకునేంత చలి. ఒక్కటే లోటు. మన కార్ల లైట్ల మీద అప్పట్లో గాజు ఉండేది, దీని మీద ప్లాస్టిక్. గాజు పగులుతుంది గాని ముసలిదవదు. ప్లాస్టిక్ పగలదు గాని ముసలిదవుతుంది. సింగపూర్ ఎండకు సగం, హైదరాబాద్ ఎండకు సగం మాగి, ఆ రెండు లైట్లూ చిక్కటి పసుపుకు తిరిగాయి.

రుక్కమ్మ ఇంటి మేడ మీది గదిలో కిరాయికి ఉండే కుర్రాడు వెంకటరమణ. తణుకు వాడు. చదివింది మెకానికల్, చేసేది కంప్యూటర్లు, చెప్పేది అన్నిటి గురించీ. అమెరికా డాక్టర్లు టేపుల్లో చెప్పిన మాటలు విని టైపు చేసే కంపెనీ ఒకటి మాదాపూర్‌లో కొత్తగా లేచిన అద్దాల భవనంలో ఉంది. అందులో ఉద్యోగం. టైపు చేసే ఆడపిల్లల్ని ఇళ్ల నుంచి తెచ్చి దింపడానికి ఇంకో కారు కావాలని తెలిసి, తన ఇంటిగలామె కారు గురించి అతనే చెప్పాడు.

శుక్రవారం యాదయ్య కారు తీసుకెళ్లాడు. అక్కడ బండ్ల వ్యవహారాలు చూసే ఉదయ్ భాస్కర్ బ్రేకులు చూశాడు, సీట్లు నొక్కి చూశాడు, కాగితాలు చూశాడు. కింద పార్కింగులో గోడకు ఎదురుగా నిలబెట్టించి లైట్లు వేయమన్నాడు. ఆముదం దీపం పెట్టినట్టు గోడ మీద ఎర్రటి మరక పడింది.

“ఏంటిది, టీ వడగట్టినట్టు? రాత్రిళ్లు లేడీస్‌ని డ్రాప్ చెయ్యాలి యాదయ్యా. ఈ లైట్లతో రిస్క్ తీసుకోలేను. మండే పదింటికి మళ్లీ చూస్తా. అప్పటికి కాకపోతే ఇంకో కారు రెడీగా ఉంది,” అన్నాడు.

యాదయ్య అటు నుంచి అటే రాణిగంజ్ పోయి కొత్త లైట్ల కోసం నాలుగు దుకాణాలు తిరిగాడు. మూడు చోట్ల లేదన్నారు. నాలుగో చోట తెప్పిస్తామన్నారు, రెండు నెలల్లో. సోమవారానికి మిగిలింది రెండు రోజులు.

శనివారం రుక్కమ్మ పనికి పోయింది. కొండాపూర్‌లో రత్నమాల అనే డాక్టరమ్మ ఇంకా మొజాయిక్కే ముద్దు అనుకునే మనిషి. బుధవారం ఆమె గృహప్రవేశం, మెట్లు మిగిలి ఉన్నాయి. ఇంట్లో యాదయ్య, సెలవు రోజు కావడంతో వెంకటరమణ. ఇద్దరు మగవాళ్లు, ఒక కారు, కావలసినంత తీరిక. ఏదో ఒకటి జరగక తప్పదు.

ప్లాస్టిక్‌కు పై పొర మాత్రమే చెడుతుందనీ, లోపల కొత్తదిలాగే ఉంటుందనీ, కాబట్టి పై పొర గీకేస్తే చాలనీ వెంకటరమణ వివరించాడు. సిద్ధాంతం చక్కటిదే. దాన్ని ఆచరణలో పెట్టడానికి అతను తెచ్చింది ఇనుప గ్రిల్స్ తుప్పు గీకే ఎమెరీ కాగితం. ఇద్దరూ చెరో లైటూ పట్టుకుని పొడి మీదే అరగంట గీకారు. పసుపు పొడి రాలింది. యాదయ్య మగ్గుతో నీళ్లు కుమ్మరించాడు. లైటు గాజులా తళుక్కుమంది. లోపలి బల్బు, దాని వెనకాల వెండి గిన్నె, అన్నీ కనిపించాయి. ఒకరి భుజం ఒకరు తట్టుకుని, టీ తాగడానికి లోపలికి పోయారు.

టీ తాగి వచ్చేసరికి ఎండకు నీళ్లు ఆరిపోయాయి. రెండు లైట్లూ బాత్రూము కిటికీకి వేసే గరుకు అద్దంలా తెల్లగా ఉన్నాయి. బల్బు లేదు, గిన్నె లేదు. మళ్లీ నీళ్లు పోశారు, గాజు. ఆరింది, బాత్రూము కిటికీ. ఇలా నాలుగుసార్లు పోశారు. నాలుగోసారి తర్వాత, సోమవారం ఉదయ్ భాస్కర్ రావడానికి సరిగ్గా ఒక నిమిషం ముందు నీళ్లు పోసి చూపిస్తే ఎలా ఉంటుందా అని మెకానికల్ ఇంజనీరు ఆలోచించసాగాడు.

పొద్దుగూకుతుండగా రుక్కమ్మ వచ్చింది. బకెట్టు దించి, కారు ముందు కూర్చుని, తడి చేసి చూసింది. ఆరనిచ్చి చూసింది. గోటితో గీతల మీద అడ్డంగా గీసింది. ఇద్దరూ ఆమె ముఖం చూస్తూ నిలబడ్డారు.

“ఏం నంబరు తోని రుద్దిన్రు?” అంది.

నంబరు చూడలేదని వెంకటరమణ ఒప్పుకున్నాడు. “కానీ తడిగా ఉన్నప్పుడు మాత్రం చాలా బావుందండీ.”

“తడి మీద నా మొఖం గూడ మంచిగనే కనవడ్తది సారూ. గచ్చును ఎండినంకనే జూడాలె. పదిహేడేండ్ల సంది నాకు తెల్సింది గా ఒక్కటే.” భర్త వైపు తిరిగింది. “సారుకంటె తెల్వది. నీకేమైంది? ఇంట్ల పాలిష్ జేసే మనిషి ఉండంగ, ఆమె పనికి వోయినంక రుద్దుతవా?”

నిన్ను ఆశ్చర్యపరుద్దామనుకున్నాం అన్నట్టు ఏదో గొణిగాడు యాదయ్య. ఆశ్చర్యపడ్డానులే అంది రుక్కమ్మ.

నిజానికి ఆమెకు లోపల గుబులుగానే ఉంది. రాయి సంగతి తెలుసు, ఇదేమో రాయి కాదు. సోమవారం కారు కాదంటే మళ్లీ ఇంకో కంపెనీ, ఇంకో ఉదయ్ భాస్కర్. మొజాయిక్ పని ఎన్నాళ్లుంటుందో తెలియదు. కానీ ఎదురుగా కనిపిస్తున్నవి గీతలు. గీతల్ని తీయడం ఆమెకు వచ్చు. డాక్టరమ్మకు, రేపు కాదు, సోమవారం పదకొండింటికల్లా వస్తానని కబురు పంపించింది.

ఆదివారం పొద్దున్నే కూకట్‌పల్లిలో కార్లకు రంగులేసే షెడ్డుకు పోయింది. వాళ్లు నీళ్లలో ముంచి రుద్దే కాగితాన్ని వాటర్ పేపర్ అంటారు. దానికీ నంబర్లున్నాయని తెలిసి ఆమెకు ప్రాణం లేచొచ్చింది. నాలుగు వందలు, ఆరు వందలు, వెయ్యి, పదిహేను వందలు, రెండు వేలు. అయిదు రకాలూ తీసుకుంది. చివర్లో మెరుపు తేవడానికి రంగుల వాళ్లు వాడే మెత్తటి పేస్టు ఒక డబ్బా. ప్లాస్టిక్ మీద ఎవరైనా రుద్దారా అని అడిగితే షెడ్డు యజమాని తాను వినలేదన్నాడు. ఇప్పుడు వింటావులే అని వచ్చేసింది.

ఇంటి ముందు వేపచెట్టు నీడలో కారు నిలబెట్టారు. లైట్ల చుట్టూ రంగుకు గీతలు పడకుండా టేపు అంటించారు. బకెట్టు నీళ్లలో ఇంత సర్ఫు వేసి, కాగితాలు నానేసి, రుక్కమ్మ ఎడమ లైటు ముందు ఇటుక వేసుకుని కూర్చుంది. నాలుగు వందల కాగితం అడ్డంగా రుద్దింది. పసుపు నీళ్లు కారాయి. కాసేపటికి పసుపు తగ్గి మజ్జిగ నీళ్లయ్యాయి. పై పొర పోయిందని దానర్థం. ఇంతవరకూ బాగానే ఉంది. ఆరనిచ్చి, తల వంచి అంచు వెంట చూసింది. బొటనవేలు ఆనిన చోట లైటు మీద చిన్న గుంట పడుతోంది.

ఆమె చేతికి అలవాటైన తప్పు అది. మూలల్లో బొటనవేలితో ఒత్తి రుద్దడమే ఆమె పనితనం. రాయి ఆ ఒత్తిడికి ఎదురు నిలుస్తుంది. ప్లాస్టిక్ నిలవదు, లొంగిపోతుంది. రుక్కమ్మ చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది. 

వెంకటరమణ వంగి చూశాడు. “బలమంతా ఒక్కచోటే పడుతోందండీ. పరుచుకునేలా పడాలి. కాగితం వెనకాల మెత్తటిదేదైనా ఉంటే సరిపోద్దండీ. చెప్పు అడుగులాంటిది.”

యాదయ్య పాత హవాయి చెప్పు మడమ ముక్క కోసి, దానికి కాగితం చుట్టి ఇచ్చాడు. రుక్కమ్మ దాన్ని అరచేతిలో ఇముడ్చుకుని పది మార్లు రుద్ది, ఆరనిచ్చి చూసింది. గుంట అంచులు కరగడం మొదలుపెట్టాయి.

“గిది చెప్పినవు సూడు సారూ,” అంది. “మీ అవ్వయ్యలు గట్టిన ఫీజుకు గింత పని అయింది.”

ఆరు వందలు నిలువుగా. వెయ్యి మళ్లీ అడ్డంగా. నంబరు మారినప్పుడల్లా దిక్కు మారాలి. నిలువుగా రుద్దుతున్నప్పుడు ఇంకా అడ్డగీత కనిపిస్తోందంటే పాత నంబరు పోలేదన్నమాట, కొత్తదానికి పోకూడదు. ఇది ఆమె ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. తప్పుగా చేసిన మెట్లు మేస్త్రీ మళ్లీ చేయిస్తే మోకాళ్లే నేర్పాయి. పన్నెండు దాటేసరికి ఎడమ లైటు మీద పేస్టు రుద్ది గుడ్డతో తుడిచింది. బల్బు మీద కంపెనీ వాళ్లు అచ్చేసిన సన్నటి అక్షరాలు కూడా చదవొచ్చు.

పైన ఉండే రక్షణ పొర కూడా పోయింది కాబట్టి ఆర్నెల్లకో ఏడాదికో మళ్లీ పసుపెక్కుతుందని వెంకటరమణ హెచ్చరించాడు. గచ్చు కూడా అంతే, మళ్లీ రుద్దుకుంటారు, నేను బతికేది అందుకేగా అంది రుక్కమ్మ. అప్పటికి మోకాళ్లు మొరాయించాయి. కుడి లైటు మగవాళ్లకు అప్పగించి, అయిదు నంబర్లూ ఏ దిక్కుకు ఏదో చెప్పి, అన్నం వండడానికి లోపలికి పోయింది.

సాయంత్రం వచ్చి చూసినప్పుడు రెండూ మెరుస్తున్నాయి. ఆమె చెయ్యి పెట్టి తడమలేదు. అలసిపోయింది, అంతకన్నా కారణం లేదు.

సోమవారం తొమ్మిదిన్నరకు ముగ్గురూ కారులోనే బయల్దేరారు. రుక్కమ్మ తన బకెట్టుతో వెనక సీట్లో కూర్చుంది. పరీక్ష అయ్యాక యాదయ్య ఆమెను కొండాపూర్‌లో దింపాలని అనుకున్నారు. అద్దాల భవనం కింద పార్కింగులో ఉదయ్ భాస్కర్ గోడ ముందు కారు నిలబెట్టించాడు. లైట్లు వేశారు. గోడ మీద ఎడమవైపు వెలుగు కత్తితో కోసినట్టు పడింది. కుడివైపు వెలుగు తెల్లగానే ఉంది గానీ అంచులు పొగలా అలుక్కుపోయాయి.

“లెఫ్ట్ కొత్తది వేయించారు, బానే ఉంది. రైట్ పాతదే వదిలేశారేం?” అన్నాడు ఉదయ్ భాస్కర్.

రుక్కమ్మ దిగింది. కుడి లైటు ముందు కూర్చుని నాలుగు వేళ్లతో నెమ్మదిగా తడిమింది. తర్వాత తలెత్తి మగవాళ్లిద్దరినీ చూసింది.

“వెయ్యి నంబరు యాడ వోయింది?”

యాదయ్య వెంకటరమణను చూశాడు. వెంకటరమణ గోడ మీది వెలుగును చూశాడు. నిన్న ప్రపంచ కప్పులో ఇండియా మ్యాచ్. మూడున్నరకు టీవీ ముందు ఉండాలని ఆరు వందల నుంచి నేరుగా పదిహేను వందలకు దూకారు.

“ఒక్క నంబరే కదండీ అని...” అన్నాడు వెంకటరమణ.

“మెట్లెక్కేటోడు నడుమ ఒక్క మెట్టే గదా అని తీసేస్తడా సారూ?” ఉదయ్ భాస్కర్ వైపు తిరిగింది. “సారూ, ఎడమ దిక్కుది కొత్తది గాదు. నేను రుద్దింది. గీ కుడి దిక్కుది గూడ గట్లనే చేస్త. జర టైమియ్యండ్రి.”

అతను ఎడమ లైటు దగ్గరకొచ్చి వంగి చూశాడు. నమ్మకం కలగక వేలితో రుద్ది చూశాడు. పదకొండింటి దాకా తనకు మీటింగ్ ఉందని, దాని తర్వాత ఇంకో కారును పిలిపిస్తానని చెప్పి లిఫ్టు ఎక్కాడు.

వాటర్ పేపర్ ముక్కలు, చెప్పు ముక్క, పేస్టు డబ్బా బకెట్టులోనే ఉన్నాయి. పనికొచ్చేదాన్ని రుక్కమ్మ పారేయదు. వెయ్యి నంబరు చెప్పు ముక్కకు చుట్టి మొదలుపెట్టింది. పార్కింగులో నీళ్లు పోయకూడదని సెక్యూరిటీ వాడు వచ్చాడు. ఇంత పెద్ద బంగ్లా కట్టి గచ్చుకు పాలిషన్నా పెట్టలేదు, నీళ్లు పోస్తే ఏం చెడుతుందని అడిగింది. అతను తన కుర్చీకి తిరిగి పోయాడు. పైకి ఆఫీసుకు పోయే అమ్మాయిలు ఒకరిద్దరు ఆగారు. వాళ్లలో కిరణ్మయి అని ఉద్యోగుల వ్యవహారాలు చూసే అమ్మాయి, శ్రమించే మహిళ అని నోటీసు బోర్డుకు ఫొటో తీసుకోవచ్చా అని ఎంతో మర్యాదగా అడిగింది. మహిళల్ని నోటీసు బోర్డుకెక్కించే జబ్బు అప్పటికే ఆ భవనాల్లోకి వచ్చేసింది.

“ఫొటో తర్వాత బిడ్డా. గా మగ్గు పట్టి జర నీళ్లు పొయ్యి. నా చేతులు ఖాళీ లేవు.”

కిరణ్మయి చున్నీ భుజం మీదికి ఎగదోసుకుని నీళ్లు పోసింది. నాలుగు నిమిషాలయ్యాక, ఏ దిక్కుకు రుద్దాలో ఎందుకు మారుతుందో అడిగింది. పదిహేను వందలకు వచ్చేసరికి ఇంకో కాగితం తీసుకుని అంచు వెంట తనే రుద్దుతోంది. యాదయ్య ఆరబెట్టడానికి అట్టముక్కతో విసిరాడు. వెంకటరమణను మాత్రం ఎవరూ ఏమీ చేయనివ్వలేదు.

పదకొండు దాటి అయిదు నిమిషాలకు ఉదయ్ భాస్కర్ వచ్చేసరికి పేస్టు తుడిచేశారు. లైట్లు వేయమన్నాడు. గోడ మీద రెండు వెలుగులూ పక్కపక్కన పడి, మధ్యలో కలిసిపోయి, ఎక్కడ ఎడమది ముగిసి కుడిది మొదలైందో తెలియలేదు. అతను గోడ దగ్గరికి పోయి వెలుగులో చెయ్యి పెట్టి, నీడ అంచు చూశాడు. జేబులోంచి కంపెనీ స్టిక్కరు తీసి ముందు అద్దానికి లోపలి నుంచి అంటించాడు. ఓనరు సంతకం కావాలన్నాడు. యాదయ్య పక్కకు జరిగాడు. రుక్కమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకుని, కాగితాన్ని బానెట్ మీద పరిచి, తీరిగ్గా ఒక్కో అక్షరమే రాసింది.

“ఫస్ట్ పికప్ పదకొండున్నరకి మియాపూర్‌లో. బయల్దేరండి,” అన్నాడు ఉదయ్ భాస్కర్.

రుక్కమ్మ బకెట్టు తీసుకుని వెనక తలుపు తెరవబోయింది.

“అమ్మా, అలా కుదరదు. స్టిక్కర్ వేశాక అది కంపెనీ బండి. స్టాఫ్ తప్ప ఎవరూ ఎక్కకూడదు. రూల్.”

“నేను ఓనరును సారూ.”

“ఓనరైనా అంతే.”

యాదయ్య ముఖం చిన్నబోయింది. రుక్కమ్మ ఒక్క క్షణం అతన్నీ, స్టిక్కరునూ, కారునూ చూసి పకపకా నవ్వింది. తను కోరుకున్నది ఇదే కదా. నువ్వు పో అని భర్తకు చెయ్యి ఊపి, బకెట్టు నడుమున పెట్టుకుని, పార్కింగు వాలు ఎక్కి రోడ్డు మీదికి వచ్చింది. కొండాపూర్ వైపు పోయే సెవెన్ సీటరు ఆటోలో పదకొండో మనిషిగా దూరింది.

వాళ్లు రెండొందల గజాలు పోయారో లేదో, వెనక నుంచి తెల్లకారు హారను కొట్టుకుంటూ వచ్చి పక్కగా దాటిపోయింది. మే నెల ఎండలో, మిట్టమధ్యాహ్నం కావస్తుండగా, రెండు లైట్లూ నిండుగా వెలుగుతున్నాయి.

“పిచ్చోడున్నట్టుండు. గింత ఎండల లైట్లేస్కొని వోతుండు,” అంది పక్కనున్న ఆడమనిషి.

“పిచ్చోడేం గాదు, మా ఆయన,” అంది రుక్కమ్మ, బకెట్టు ఒళ్లోకి సర్దుకుంటూ. “కారు నాది. గందుకే గీ ఆటోల వోతున్న.”